భుజం దాటని చెయ్యి

ఈతకొలనులో ఆమెను అందరూ చేప టీచర్ అనే పిలిచేవారు. మొదట పిల్లలు పెట్టిన పేరు అది. తరవాత వాళ్ల తల్లిదండ్రులకూ, పొద్దున్నే వచ్చే పెద్దవాళ్ల బ్యాచ్‌కూ, చివరికి ఎవరినీ పేరు పెట్టి పిలవని మేనేజరుకూ అదే నోటికి అలవాటైపోయింది. ఇంట్లో కుళాయి కారుతున్నా ఆమెకు వినపడదనీ, అది ఆమెకు జోలపాటనీ భర్త ఆటపట్టించేవాడు. అతను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించేవాడు. నెమ్మదైన మనిషి.

ఆ ఉదయం పెద్దవాళ్ల క్లాసు ముగింపుకొచ్చింది. మందుల షాపు నడిపే ఒక భారీ మనిషి ఆ బ్యాచ్‌లో ఉండేవాడు. గట్టు పట్టుకుని కాళ్లాడించే దశ దాటి, ఈ మధ్యే నాలుగు బారలు సొంతంగా వెయ్యగలుగుతున్నాడు. ఆ సంబరంలో ఎవరికీ చెప్పకుండా అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరి లోతు వైపు వెళ్లాడు.

మునిగేవాళ్లు అరవరు. ఆ సంగతి ఆమె ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పేది. అందుకే ఆయన తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తెరుచుకుని, చేతులు నీళ్లను కిందికి నొక్కుతూ ఉండటం చూడగానే ఆమెకు అర్థమైంది. అలాంటివాళ్ల దగ్గరికి వెనక నుంచి వెళ్లాలి, చేతిలో తేలే బల్లో గొట్టమో ఉండాలి. అది కూడా ఆమె చెప్పేదే. కానీ బల్లలు అవతలి గట్టున ఉన్నాయి. అప్పటికే ఆయన ముక్కు మునిగింది. ఆమె దూకి, నీళ్ల కిందుగా ఈది, సరిగ్గా ఆయనకు ఎదురుగా పైకి తేలింది.

ఆయన రెండు చేతులతో ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. దాన్ని పట్టుకునే ఆమె మీదికి ఎక్కాడు, మెట్లెక్కినట్టు. చెయ్యి పైకీ వెనక్కీ మెలిపడింది. భుజంలో ఏదో చోటు తప్పింది. ఆ చప్పుడు చెవికి కాదు, దవడలోంచి వినిపించింది. ఇద్దరూ కలిసి మునిగారు.

పట్టుకున్నవాణ్ణి వదిలించుకోవాలంటే కిందికి వెళ్లాలి. కిందికి లాగితే ఎవరైనా వదిలేస్తారు. ఆమె అదే చేసింది. ఆయన వదల్లేదు. అడుగున నీలం పలకలు కనిపించాయి, నీళ్లు బయటికి పోయే ఇనుప జాలీ కనిపించింది, ఆయన పాదం ఆమె మోకాలి మీద కనిపించింది. ఊపిరి అయిపోవడం అంటే ఏమిటో ఆమెకు అంతకుముందు తెలియదు.

పంపు చూసుకునే మనిషి పొడుగాటి గెడ దింపాడు. అది తగలగానే ఆయన ఆమె చెయ్యి వదిలి గెడ అందుకున్నాడు. ఆమె ఒంటిచేత్తో పైకొచ్చింది. ఆయన గట్టు మీద బోర్లా పడి నీళ్లు కక్కుకుని బతికాడు. ఆమె పక్కనే కూర్చుని, వేలాడుతున్న మోచేతిని ఎడమచేత్తో ఒడిసిపట్టుకుని, "తాడు దాటొద్దని చెప్పానా లేదా" అంది. అంతే. తరవాత పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది.

*

ఆసుపత్రిలో ఎముకను మళ్లీ చోట్లో కూర్చోబెట్టారు. మెడకు తగిలించిన గుడ్డ పట్టీలో కొన్ని వారాలు చెయ్యి ఊరికే పడుకుంది. పట్టీ తీసేసిన రోజున ఎముకల డాక్టరు "ఎత్తండి చూద్దాం" అన్నాడు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఇంకా గట్టిగా ప్రయత్నిస్తే భుజం చెవి వైపు లేచింది గానీ చెయ్యి లేవలేదు.

"బిగుసుకుపోయింది. దెబ్బ తరవాత మామూలే. ఫిజియోథెరపీకి వెళ్లండి, కదిలిస్తూ ఉంటే వదులవుతుంది" అన్నాడు.

ఇంట్లో బతుకు నడుము నుంచి ఛాతీ దాకా ఉన్న ఎత్తుకు కుంచించుకుపోయింది. పై అరలోవన్నీ భర్త కింది అరలోకి దించాడు. జాకెట్టు వేసుకోవడానికి తంటాలు పడుతుంటే చూసి ముందు వైపు బొత్తాలున్న చొక్కాలు కొనుక్కొచ్చాడు. అత్తగారు జడ వేసేది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరి మాటైనా మధ్యలో తెంపేసి "ఇంకేమైనా ఉందా?" అని అడగడం ఆవిడకు ఉద్యోగం వదిలాక కూడా పోలేదు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. తల మీద నీళ్లు పోసుకుంటే చేప టీచరుకు ఊపిరి ఆడటం లేదు. మొదటిసారి స్నానాల గదిలో చెంబు ఎత్తి ఎడమచేత్తో నెత్తిన కుమ్మరించుకోగానే గుండె దడదడలాడింది, గోడ పట్టుకుంది. కళ్లు తెరిచి చూస్తే గది గదిలాగే ఉంది, బకెట్టు బకెట్టులాగే ఉంది. రెండోసారీ అంతే. ఆ తరవాత తడిగుడ్డతో తల తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఈత నేర్పే మనిషికి నీళ్లంటే భయం అని ఎవరితో చెప్పుకుంటుంది? నలుగురూ నవ్విపోతారు. అంతకంటే, పైకి అంటే అది నిజమైపోతుందేమోనని భయం.

ఫిజియోథెరపీ గది ఆసుపత్రి కింది అంతస్తులో ఉండేది. గోడకు చిన్న చెక్క నిచ్చెన, వేళ్లతో ఒక్కో మెట్టూ ఎక్కించడానికి. తలుపు పైన కప్పీ, దాని మీదుగా తాడు, రెండు కొసలకూ పిడులు. వేడి నీళ్ల సంచులు ఒక మూల ఆవిర్లు కక్కుతుండేవి. ఫిజియో సన్నటి మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మాటలో తొందర లేదు. మొదట నడుం వంచి చెయ్యి వేలాడేసి గడియారం లోలకంలా ఊపమంది. అది బాగానే జరిగింది. తరవాత బల్ల మీద పడుకోబెట్టి, మణికట్టు పట్టుకుని చెయ్యిని నెమ్మదిగా పైకి తేవడం మొదలుపెట్టింది.

ఛాతీ మట్టానికి వచ్చేసరికి చేప టీచర్ ఒళ్లంతా కొయ్యబారింది. కాలి వేళ్లు కూడా ముడుచుకున్నాయి.

"నొప్పా?"

"నొప్పే."

"మరి ఊపిరి ఎందుకు ఆపేస్తున్నారు?"

"ఆపానా?"

"నేను చెయ్యి పట్టుకోగానే ఆపేశారు. నొప్పి అప్పటికి ఇంకా మొదలవలేదు."

"నీళ్లలో ఉండేదాన్ని కదా మేడమ్, అలవాటైపోయింది" అని నవ్వేసింది. ఫిజియో నవ్వలేదు. చెయ్యిని మెల్లగా బల్ల మీదికి దించింది.

వారాలు గడిచాయి. గోడ మీది నిచ్చెనలో వేళ్లు అదే మెట్టు దగ్గర ఆగేవి. బయట బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూస్తుంటేనే అరచేతులు చెమర్చేవి. కప్పీ కిర్రుమంటే ఉలిక్కిపడేది. ఇంట్లో భర్త వెనక నుంచి వచ్చి ప్రేమగా చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. అతను కళ్లజోడు తీసి, ఊదుకుని, చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. అతనికి ఏం చెయ్యాలో తోచనప్పుడు చేసే పని అది.

*

ఎముకల డాక్టరు చివరికి ఇంకో దారి చెప్పాడు. "మత్తిచ్చి, మీకు తెలియకుండా చెయ్యి తిప్పి చూస్తాం. ఎక్కడ అతుక్కుందో అక్కడ వదులు చేస్తాం. అరుదుగా ఎముక చిట్లవచ్చు, కీలు మళ్లీ జారవచ్చు. ముందే చెప్పడం నా ధర్మం."

భర్త చాలా ప్రశ్నలడిగాడు. ఆమె ఒక్కటే అడిగింది. "మత్తు ఎలా ఇస్తారు?"

"సూది. దాంతోపాటు ముఖానికి మాస్కు."

ముఖానికి మాస్కు. ఇంటికొచ్చాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది. ముక్కూ నోరూ మూసేసి, చేతులు కట్టేసి, తన ప్రమేయం లేకుండా కిందికి పంపిస్తారు. ఆ కిందికి వెళ్లాక పైకి రావడం తన చేతిలో ఉండదు. వద్దందామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ మేనేజరు ఫోన్లు చేస్తున్నాడు, పిల్లల బ్యాచ్‌లు చెదిరిపోతున్నాయి, అత్తగారు జడ వేస్తూ వేస్తూ నిట్టూరుస్తోంది. సరేనంది.

ఆపరేషన్ గదిలో దీపం తెల్లగా, చల్లగా ఉంది. ఎవరో కుడి చెయ్యిని పక్కకు చాపి పెట్టారు. మాస్కు దగ్గరికొస్తుంటే ఆమె తల అటూ ఇటూ తిప్పింది. "పెద్దగా గాలి పీల్చండమ్మా" అంటోంది ఒక గొంతు. పీల్చలేదు. ఊపిరి బిగబట్టింది. ఎంతసేపు బిగబట్టగలదో ఆమెకు తెలుసు, పోటీల్లో పతకాలు తెచ్చుకున్న మనిషి. కానీ సూదిమందు నరాల్లోంచి వచ్చింది. నీలం పలకలు కనిపించాయి. తరవాత ఏమీ లేదు.

కళ్లు తెరిచేసరికి గొంతు ఎండిపోయి ఉంది. భర్త ముఖం, దాని వెనక డాక్టరు ముఖం.

"విచిత్రంగా ఉందమ్మా" అన్నాడు డాక్టరు. "గట్టిగా తిప్పాల్సి వస్తుందని సిద్ధమయ్యాం. అవసరం రాలేదు. మత్తెక్కాక మీ చెయ్యి నా రెండు వేళ్లతో చెవి దాకా లేచింది. చివర్లో కాస్త బిగువుంది, అది వదిలించాం. అంతే."

"అంటే బాగైపోయినట్టేగా?" అన్నాడు భర్త.

"కీలు బాగానే ఉంది. మెలకువలో ఉన్నప్పుడు కండరాలు అడ్డుపడుతున్నాయి. కాపలా కాస్తున్నాయి అనుకోండి. నటన అని నేను అనడం లేదు. ఆవిడకు తెలిసి చేస్తున్నది కాదు. కానీ వెంటనే కదిలించాలి, లేకపోతే నిజంగానే బిగుసుకుంటుంది."

మరునాడు ఫిజియో మణికట్టు పట్టుకుని చెయ్యి ఎత్తింది. ఛాతీ దగ్గర ఆగిపోయింది. అణువంత కూడా తేడా లేదు.

అప్పుడు పట్టుకుంది చేప టీచరుకు అసలు భయం. ఇన్నాళ్లూ కీలు చెడిపోయిందనుకుంది. చెడిపోతే బాగుచేస్తారు. ఇప్పుడు తాను లేనప్పుడు తెరుచుకున్న తలుపు, తాను రాగానే మూసుకుంటోంది. లోపల గడియ పెడుతున్నది ఎవరు? తన చెయ్యి తన మాట వినడం లేదంటే, రేపు కాళ్లు వినకపోతే? గుండె వినకపోతే? ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి, పొయ్యి మీద గిన్నె మరుగుతుంటే దాన్ని దించడానికి కూడా చెయ్యి చాచకుండా, కుడిచేతిని పరాయి వస్తువును చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. గిన్నె మాడిన వాసనకు అత్తగారొచ్చి పొయ్యి ఆపింది.

ఆవిడ గిన్నెను చూడలేదు, కోడలిని చూసింది. "తల వాసనొస్తోంది అమ్మాయ్. చాలా రోజులైనట్టుంది. రా, నేను పోస్తాను."

"వద్దత్తయ్యా. రేపు పోసుకుంటాను."

"రేపు, రేపు. పద."

పీట మీద కూర్చోబెట్టి అత్తగారు చెంబెడు నీళ్లు నెత్తిన పోసింది. ముఖం మీదుగా నీళ్లు జారాయి. చేప టీచర్ లేచిన విసురుకు చెంబు ఎగిరి గోడకు తగిలింది, పీట తిరగబడింది. అత్తగారి చీరంతా తడిసింది. కోడలు తలుపుకు వీపు ఆనించి రొప్పుతోంది.

"ఎప్పట్నుంచి?" అంది అత్తగారు.

"ఆ రోజు నుంచీ. మీ అబ్బాయికి చెప్పకండి."

అత్తగారు కింద పడ్డ చెంబు తీసి కుళాయి కింద పెట్టింది. "ఎక్స్‌చేంజిలో ఒకసారి మంటలంటుకున్నాయి. మీ ఆయన అప్పుడు కడుపులో. పొగలోంచి పాకుతూ బయటపడ్డాను. తరవాత మళ్లీ డ్యూటీకి వెళ్లి హెడ్‌ఫోన్ తగిలించుకుంటే చాలు, ముక్కులోకి పొగ వాసన. అవతలివాళ్లు నంబరు అడుగుతుంటే నేను గుమ్మం వంక చూసేదాన్ని. ఏళ్లూ పూళ్లూ అలాగే చేశాను. ఎవరికీ చెప్పలేదు. నాకు పిచ్చనుకుంటారని." తడి చీర పిండుకుంది. "చెప్పుంటే సగం తగ్గేదేమో. ఏమో. నీ చెయ్యి కదిలించే ఆ డాక్టరమ్మతో చెప్పు. నాతో కాదు, ఆవిడతో. ఇంకేమైనా ఉందా?"

"లేదు" అంది కోడలు. అప్పుడు ఏడ్చింది.

*

ఫిజియో విని ఆశ్చర్యపోలేదు. "మీరు చెప్తారనే చూస్తున్నాను" అంది. "పై అంతస్తులో వేడి నీళ్ల తొట్టి ఉంది, మనిషి నిలబడేంత. ఛాతీ లోతే. నీళ్లలో చెయ్యి బరువు తెలియదు, అదే తేలుతుంది. భుజాలకు మంచి వైద్యం. మొదటి రోజే మీకు అది చెప్పాలనుకున్నాను. మీరు నీళ్ల మాట రాగానే నవ్వేశారు."

"నా వల్ల కాదు మేడమ్."

"సరే" అంది ఫిజియో. బలవంతం చెయ్యలేదు.

ఆ వారంలోనే మందుల షాపాయన ఇంటికి వచ్చాడు. ముందు కూడా రెండుసార్లు వచ్చాడట, పడుకుందని చెప్పి అత్తగారు పంపించేసింది. ఈసారి తలుపు తీసింది చేప టీచరే. గుమ్మంలో ఆ భారీ ఆకారం కనబడగానే ఆమె కుడి చెయ్యి పక్కటెముకలకు అతుక్కుపోయింది. కాళ్లు వెనక్కి పరుగెత్తమన్నాయి. నిలబడింది.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. మునుపటి కంటే కాస్త చిక్కాడు.

"నేను తాడు దాటాను టీచర్. తప్పు నాదే. అది చెప్పడానికే వచ్చాను. ఇంకో సంగతి కూడా. మిమ్మల్ని పట్టుకున్నట్టు నాకు తెలియదు. ఒట్టు. నాకు గుర్తున్నదల్లా ఏదో గట్టిగా చేతికి దొరికింది. గట్టు అనుకున్నాను. గట్టు దొరికింది, ఇక చావను అనుకున్నాను." ఆయన చెబుతూ తన మణికట్టును తానే రెండో చేత్తో బిగించి పట్టుకుని చూపించాడు. "ఇలా. వదిలితే పోతానని. అది మీ చెయ్యి అని, నన్ను గట్టు మీద పడుకోబెట్టాక చెప్పారు."

చేప టీచర్ ఆయన చేతులనే చూస్తోంది. తన ఎడమచెయ్యి తెలియకుండానే వెళ్లి కుడి మణికట్టును కప్పేసి ఉంది. కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది. రెండిటి కిందా భయం మాత్రం అలాగే ఉంది. "మీరు బతికారు, అది చాలు. మళ్లీ ఎప్పుడైనా కలుద్దాం లెండి, ఇప్పుడు కాదు" అంది. ఆయన తల ఊపి లేచి వెళ్లిపోయాడు.

మరునాడు ఫిజియో బల్ల పక్కకు రాగానే ఆమె అంది. "మేడమ్, మణికట్టు పట్టుకోకండి."

ఫిజియో చాచిన చెయ్యి ఆగిపోయింది. ఒక క్షణం దాన్నే చూసుకుంది. "ఆయన అక్కడే పట్టుకున్నాడా?"

"అక్కడే."

"ఇన్ని రోజులుగా నేను రోజూ అక్కడే పట్టుకుంటున్నాను" అంది ఫిజియో. ఆమె ముఖం ఎర్రబడింది. "ముందే అడగాల్సింది. ఇకనుంచి మీ చెయ్యి నేను ముట్టుకోను. మీరే ఎత్తుకోండి, నేను చూస్తాను."

ఆ రోజు చెయ్యి ఛాతీ దాటి నాలుగు వేళ్లు పైకి లేచింది. అక్కడ ఆగిపోయింది. ఎన్ని రోజులు చేసినా ఆ పైకి రాలేదు. చివరికి ఆమే అడిగింది, ఆ వేడి నీళ్ల తొట్టి ఖాళీగా ఉంటుందా అని.

*

ఆ గదిలో కిటికీల మీద ఆవిరి పట్టి ఉంది. గోడ దగ్గర ఒక సహాయకురాలు తువ్వాళ్లు మడతపెడుతోంది. తొట్టిలోకి మెట్లు, పక్కన ఇనుప కడ్డీ. చేప టీచర్ మూడేళ్ల పిల్లలను ఇంతకంటే లోతులో ఈదించింది. ఇప్పుడు రెండో మెట్టు మీద కడ్డీని పట్టుకుని వణుకుతోంది. వేడి నీళ్లలో నిలబడి చలిజ్వరం వచ్చినట్టు వణకడం చూసి తనకే నవ్వొచ్చింది, కానీ పళ్లు కొట్టుకోవడం ఆగలేదు.

ఫిజియో ముందే దిగి, ఎదురుగా, చెయ్యి చాపినా అందనంత దూరంలో నిలబడింది. "ఒక మాట ముందే చెప్పాలి. నాకు ఈత రాదు."

"మరి నేను మునిగితే?"

"ఆవిడకు వచ్చు" అని సహాయకురాలి వైపు చూపించింది. "నేను మాత్రం అదిగో, ఆ ఎర్ర బొత్తాం నొక్కుతాను. అయినా మోకాళ్లు నిటారు చేస్తే చాలు, నిలబడతారు. ఒకసారి చేసి చూడండి."

చేసి చూసింది. మళ్లీ మళ్లీ చేసింది. ప్రతిసారీ నేల దొరికింది.

ఫిజియో అక్కణ్ణుంచే ఒక మెత్తటి తేలే బిళ్లను నీళ్ల మీదుగా ఆమె కుడి చేతి వైపు తోసింది. చెయ్యి దానంతటదే తేలి నీటి మట్టానికి వచ్చింది. "ఇప్పుడు చేతిని ఏమీ చెయ్యకండి. అది పైన అలాగే ఉంటుంది. మీరు మోకాళ్లు వంచి కిందికి వెళ్లండి. మీరు ఎంత దిగితే భుజం దగ్గర చెయ్యి అంత పైకి లేచినట్టు."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పై ప్రాణాలు పైనే పోయాయి. "అంటే చెయ్యి లేవాలంటే నేను మునగాలి."

"ఇవాళ గడ్డం దాకా చాలు."

గడ్డం దాకా వెళ్లింది. ఆవిరి ముక్కులోకి వచ్చింది. వెంటనే లేచి నిలబడి, కడ్డీ పట్టుకుని, ఆ రోజుకు ఇక చాలంది. ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుని పడుకుంది. భర్త వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె అతనికి అంతా చెప్పింది, స్నానాల గది సంగతి దగ్గర్నుంచి. చివర్లో అతను, "నీ చెయ్యి పట్టుకోవచ్చా, ఎడమది?" అని అడిగాడు. ఇచ్చింది.

తరవాతి సారి నోటి దాకా. ఆ తరవాత మళ్లీ గడ్డం దగ్గరే ఆగిపోయింది, ఎందుకో ఆమెకే తెలియదు. ఒక రోజు మెట్ల దాకా వచ్చి దిగకుండా వెళ్లిపోయింది. ఇంకో రోజు ముక్కు మునిగింది, కళ్లు మాత్రం పైన ఉన్నాయి. ఫిజియో ఏనాడూ దగ్గరికి రాలేదు, భలే అనలేదు. "ఊపిరి వదులుతూ దిగండి, బిగబట్టొద్దు" అనేది, అదొక్కటే. ఆ మాట చేప టీచర్ తన జీవితంలో ఎంతమందితో అనుంటుందో లెక్కలేదు.

పూర్తిగా మునిగిన రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. దిగే ముందు అదే దడ. కళ్లు మూసుకోకూడదనుకుంది. నీళ్లు నెత్తిని కప్పేశాయి. చెవులు మూసుకుపోయాయి. బుడగలు చెంపలను రాసుకుంటూ పోయాయి. తొట్టి అడుగు పలకలు నీలం కాదు, పసుపు. కానీ ఆమెకు నీలంగానే కనిపించాయి, ఒక లావుపాటి పాదం కూడా కనిపించింది. మోకాలి మీద దాని బరువు తెలిసింది. లేచిపో, లేచిపో అని ఒళ్లంతా అరుస్తోంది. అదే సమయంలో కుడి చేతి వేళ్లకు ఎక్కడో పైన చల్లటి గాలి తగులుతోంది. నీళ్ల పైన తన చెయ్యి ఒక్కటే ఉంది. మునిగిపోయేవాళ్ల చెయ్యి అలాగే ఉంటుంది, చిట్టచివర్లో. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఆమె ఊపిరి వదిలింది. ఇంకొంచెం వదిలింది. మోకాళ్లు నిటారు చేసింది.

పైకి రాగానే దగ్గు, వాంతి వచ్చినంత దగ్గు. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. ఫిజియో గొంతు దూరం నుంచి వినిపించింది. "చెయ్యి చెవి పక్కకు వచ్చింది. నిటారుగా."

"నేను చూడలేదు."

"నేను చూశాను. ఆవిడా చూసింది." తువ్వాళ్లు మడిచే ఆవిడ అవునన్నట్టు తల ఊపింది.

"భయం తగ్గలేదు మేడమ్. ఏమీ తగ్గలేదు."

"తగ్గుతుందని నేను మాటివ్వలేను. నాకు వచ్చిన వైద్యం భుజానిది. దానికి వేరే డాక్టరున్నారు, మాట్లాడి నయం చేసేవారు. నేను చెప్తాను, వెళ్లండి. ఈలోపు మనం చెయ్యి లేపుతూ ఉందాం."

*

ఆ డాక్టరు దగ్గరికీ వెళ్లింది, వేడి నీళ్ల తొట్టికీ వెళ్లింది. ఎండలు పోయి వానలు మొదలయ్యేసరికి నేల మీద కూడా చెయ్యి చెవి దాకా వచ్చింది. కాస్త వెనకపడే ఉంది, చివర్లో ఒక చిన్న బిగువు ఉండిపోయింది. అది ఎప్పటికీ ఉంటుందన్నాడు ఎముకల డాక్టరు. తల మీద చెంబుతో నీళ్లు పోసుకోగలుగుతోంది, కళ్లు తెరుచుకుని.

ఈతకొలనుకు తిరిగి వెళ్లిన రోజు మేనేజరుతో రెండు సంగతులు చెప్పింది. లోతు వైపు క్లాసులు తను తీసుకోదు. గట్టు మీద గెడ పట్టుకుని నిలబడే మనిషి లేకుండా ఏ క్లాసూ మొదలుపెట్టదు. మేనేజరు గొణిగాడు, "చేప టీచరే లోతు వద్దంటే ఎలా?" అన్నాడు. "ఇలాగే" అంది. చేసేది లేక ఒప్పుకున్నాడు.

కొన్ని రోజులు బాగుండేవి. కొన్ని రోజులు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని, కాళ్లు కదలక, బయట ఈల వినిపించేదాకా అలాగే ఉండిపోయేది. ఎవరైనా పిల్లవాడు ఆడుతూ వచ్చి చెయ్యి లాగితే ఒళ్లు జలదరించేది. ముందే అందరికీ చెప్పి పెట్టింది, టీచర్ చెయ్యి పట్టుకోకూడదు, భుజం మీద తట్టి పిలవాలి అని. పిల్లలు ఎందుకని అడగలేదు. పిల్లలకు అదో ఆటైపోయింది.

పెద్దవాళ్ల కొత్త బ్యాచ్‌లో ఒకావిడ మెట్ల మీదే నిలబడిపోయింది. కడ్డీ పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "నాకు చచ్చేంత భయం టీచర్. మీలాంటివాళ్లకు తెలియదు లెండి. మీరు చేపలాంటివాళ్లట కదా."

చేప టీచర్ నడుం లోతు నీళ్లలో, ఆవిడకు ఎదురుగా, కాస్త దూరంగా నిలబడి ఉంది. గుండె మామూలు కంటే వేగంగానే కొట్టుకుంటోంది. రోజూ అలాగే కొట్టుకుంటుంది, మొదటి కాసేపు.

"నాకూ భయమే" అంది. "ఒక్కో మెట్టే దిగండి. మధ్యలో వద్దనిపిస్తే చెప్పండి, ఆగుదాం."

ఆవిడ నమ్మనట్టు చూసింది. తరవాత ఒక మెట్టు దిగింది.